స్టూడియో ఆల్బమ్ ఒక్కటే చాలదు

అమెరికాలోని బోస్టన్‌కి చెందిన స్కా-పంక్ బ్యాండ్ మైటీ మైటీ బాస్‌టోన్స్ గురించి తెలుసుకోవాలంటే 1997 నాటి స్టూడియో ఆల్బమ్ చాలని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. 1998లో వచ్చిన లైవ్ ఆల్బమ్ ‘లైవ్ ఫ్రమ్ ది మిడిల్ ఈస్ట్’ వినండి. పేరు చూసి పశ్చిమాసియా అనుకోకండి, అది బోస్టన్ పక్కనే కేంబ్రిడ్జిలో ఉన్న క్లబ్బు. సొంత ఊరి జనం మధ్య వాయించారు. తాళం దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీలో గిటార్ పడుతూ, జమైకాలో పుట్టిన స్కా సంగీతంలా పాట తేలిగ్గా నడుస్తుంటుంది, కోరస్ రాగానే పంక్ రాక్ హోరు అందుకుంటుంది. గాయకుడు డిక్కీ బారెట్ బొంగురు గొంతు వెనకే ట్రాంబోన్, శాక్సోఫోన్లు విరుచుకుపడతాయి. హెడ్‌ఫోన్స్‌లో వింటే ఒళ్ళు జలదరిస్తుంది. స్టేజీ మీద డాన్స్ చేయడానికే బ్యాండ్‌లో ఉన్న బెన్ కార్ ఆడియోలో కనపడడు కానీ ఆ ఊపు తెలుస్తూనే ఉంటుంది. 2022లో బ్యాండ్ విడిపోయిందని తెలిసిన రాత్రి మొదటి నుంచి చివరిదాకా ఇదే విన్నాను.