డేలైట్ సేవింగ్ టైమ్ గారికి ఒక బాధితుడి విన్నపం

శ్రీయుత డేలైట్ సేవింగ్ టైమ్ గారి దివ్యసముఖానికి,

న్యూజెర్సీ నుంచి నమస్కరించి రాయునది. మార్చిలో అమెరికా గడియారాలను గంట ముందుకు తోసే తమరు, నవంబరు మొదటి ఆదివారం తెల్లవారుజామున వాటిని గంట వెనక్కి లాగి సెలవు మీద వెళ్లారు. సంతోషం. ఆ మర్నాడే విజయనగరంలో మా అక్కయ్య గృహప్రవేశం, ఉదయం 8:22కి ముహూర్తం. "మీకు ఆదివారం రాత్రి 10:52 రా, ఫోన్ దగ్గరే ఉండు" అని నెల ముందే లెక్కకట్టి చెప్పింది. ఆ లెక్క శనివారం దాకా నిక్షేపంగా ఉంది; తమరు వెళ్లాక అది రాత్రి 9:52 అయి కూర్చుంది. నేను వీడియోలోకి వచ్చేసరికి పాలు పొంగడం, పరమాన్నం వండి పంచడం, బావగారు పట్టుపంచె విప్పి లుంగీలోకి మారడం అన్నీ అయిపోయాయి.

"అక్కడ గడియారం తిప్పితే సూర్యుడు కూడా ఆగుతాడా నాయనా?" అంది అమ్మ. దీనికి జవాబు తమరే ఇప్పించాలి.

తమరు రైతుల కోసం అవతరించారని ఇక్కడ అందరూ చెబుతారు. ఎంత బాగుందో! మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంధనం ఆదా అంటూ 1918లో తమర్ని తెచ్చారు. రైతులు లబోదిబోమంటే 1919లో అధ్యక్షుడు విల్సన్ వీటోను కూడా తోసిపుచ్చి అమెరికా చట్టసభ కాంగ్రెస్ తమర్ని సాగనంపింది. ఆవుకి గడియారం చూపిస్తే చేపుకి వస్తుందా మరి!

రెండో యుద్ధంలో మళ్లీ వచ్చారు. యుద్ధం అయ్యాక ఏ ఊరికి తోచినట్టు ఆ ఊరు తమర్ని పెట్టుకుంది. వెస్ట్ వర్జీనియాలోని మౌండ్స్‌విల్ నుంచి ఒహాయోలోని స్టూబెన్‌విల్‌కి బస్సులో 35 మైళ్లు. దారిలో గడియారం ఏడుసార్లు మార్చుకోవాలి! అందులో పెళ్లివారు ఉంటే వాళ్ల గతేమిటండీ? ఆ గోల భరించలేకే 1966లో దేశమంతటికీ ఒక చట్టం చేశారు.

చేసి ఏం లాభం? అరిజోనా తమర్ని గుమ్మం ఎక్కనివ్వదు. ఆ రాష్ట్రంలోనే ఉన్న నవాహో అనే ఆదివాసీ తెగవాళ్లు రానిస్తారు. నవాహోల నేల మధ్యలో ఉన్న హోపీ తెగవాళ్లు మళ్లీ రానివ్వరు. పళ్లెం, అందులో గారె, గారె మధ్య చిల్లు. వేసవిలో పళ్లేనికీ చిల్లుకీ ఒక టైము, గారెకి ఇంకొకటి. దీన్ని అమ్మకి ఫోన్లో వివరించి చూడండి.

2007 నుంచి తమరి కాపురం నవంబరు దాకా పొడిగించారు. అక్టోబరు 31న పిల్లలు ఇల్లిల్లూ తిరిగి మిఠాయిలు అడిగే హాలోవీన్ సాయంత్రం ఇంకాస్త వెలుగుంటే బాగుండునని మిఠాయి కంపెనీలు ఎన్నాళ్లుగానో కాళ్లావేళ్లా పడ్డాయట. ఆ పొడిగింపే లేకపోతే తమరు అక్టోబరులోనే వెళ్లిపోయేవారు, అక్కయ్య లెక్క తప్పిన సంగతి వారం ముందే బయటపడేది. చాక్లెట్ల కోసం మా పాలు పొంగడం చూడకుండా చేశావు కదయ్యా! అవును, ఇక గారూ లేదు, తమరూ లేదు.

నిన్ను పీకెయ్యమని జనం మొత్తుకుంటే పెద్దలేం చేశారు? 2022 మార్చిలో కాంగ్రెస్‌లోని ఎగువసభ సెనేట్ చర్చ కూడా లేకుండా, ఒక్కరూ అడ్డు చెప్పకుండా బిల్లు పాస్ చేసింది. నిన్ను ఆపడానికి కాదు, ఏడాది పొడుగునా ఉంచడానికి! ఆ ముచ్చట 1974లోనే తీరింది కదా. జనవరిలో మొదలుపెట్టారు. పిల్లలు చీకట్లో బడికి పోవలసి వచ్చింది, ప్రమాదాలని తల్లిదండ్రులు గగ్గోలు పెట్టారు. మరుసటి ఏడాది ఏప్రిల్ దాకా చూద్దామన్నవాళ్లు అక్టోబరుకల్లా నీ చలికాలం కాపురం రద్దు చేశారు. అదంతా మరిచిపోయి మళ్లీ నీకే పట్టాభిషేకం! ప్రతినిధుల సభ ఆ బిల్లుని ఓటింగ్‌కే తీసుకోలేదు. బద్ధకమో బుద్ధో గానీ, వాళ్లకో దండం.

మా వంటింట్లో మైక్రోవేవ్ గడియారం ఇంకా నీ టైమే చూపిస్తోంది. నేను ముట్టుకోను. మార్చిలో ఎలాగూ తగలడతావుగా, అప్పటిదాకా అలాగే ఉంటుంది.

ఇట్లు,
అక్కయ్య ఇంకా మాట్లాడని తమ్ముడు