మరపు మొదలుకాక ముందు: విజయలక్ష్మీ రవీంద్రనాథ్ పరిశోధన నడిచిన దారి

ఆల్జీమర్స్ మెదడుకు వచ్చే జబ్బు కదా, దాని మందు కాలేయంలో పనిచేయడమేమిటి? 2012 జనవరిలో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో అచ్చయిన ఒక భారతీయ పరిశోధన పత్రాన్ని చదువుతుంటే మొదట కలిగే సందేహం ఇదే. ఆల్జీమర్స్ లక్షణాలు వచ్చేలా జన్యుమార్పిడి చేసిన నడివయసు ఎలుకలకూ ముసలి ఎలుకలకూ అశ్వగంధ వేరు నుంచి పాక్షికంగా శుద్ధి చేసిన సారాన్ని నోటి ద్వారా 30 రోజులు ఇచ్చారు. నేర్చుకున్నది నిలుపుకోలేని ఎలుకలు మళ్లీ కుదుటపడ్డాయి, మెదడులో పేరుకుని ఈ జబ్బులో మచ్చలు కట్టే అమిలాయిడ్ బీటా అనే ప్రోటీన్ తగ్గింది. అయితే అసలు మార్పు కాలేయంలో కనిపించింది. అక్కడ ఎల్‌ఆర్‌పీ అనే గ్రాహక ప్రోటీన్ పెరిగింది, రక్తంలోని అమిలాయిడ్‌ను అది లాగేస్తుంటే మెదడులోది రక్తంలోకి జారింది. పెరట్లో తూము తీస్తే ఇంట్లో నిలిచిన నీళ్లు పోయినట్టన్నమాట. కాలేయంలో ఆ ప్రోటీన్ తయారుకాకుండా అడ్డుకున్నప్పుడు సారం చూపిన ఫలితం కూడా మాయమైంది.

నా దృష్టిలో ఆ పత్రానికి ప్రాణం ఈ చివరి ప్రయోగమే. మందు పనిచేసిందని చెప్పి ఊరుకోకుండా, ఏ దారిన పనిచేసిందో ఆ దారిని మూసి మరీ చూశారు. బజారు మాత్రం ఎలుకనూ కాలేయాన్నీ వదిలేసి అశ్వగంధ పేరు ఒక్కటే పట్టుకుపోయింది. ప్రయోగశాలలో కొలిచి శుద్ధి చేసిన సారం వేరు, డబ్బాలో అమ్మే పొడి వేరు. ఎలుకలో తేలిన సంగతిని మనిషికి చికిత్సగా చెప్పుకోవడం ఇంకా వేరు.

ఆ పరిశోధనకు నాయకత్వం వహించిన విజయలక్ష్మీ రవీంద్రనాథ్ చెన్నైలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో డిగ్రీ, పీజీ చదివి, 1981లో మైసూరు విశ్వవిద్యాలయం నుంచి జీవరసాయన శాస్త్రంలో డాక్టరేట్ పొందారు. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో కొంతకాలం పనిచేసి, 1986లో బెంగళూరులోని మానసిక, నాడీ వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో చేరారు. మందులనూ విషాలనూ విడగొట్టే పి450 ఎంజైముల పని ప్రధానంగా కాలేయానిదేనని పాఠ్యపుస్తకాలు చెబుతున్న రోజుల్లో, మెదడు తనంతట తానుగా ఈ పని ఎంతవరకు చేస్తుందని ఆమె అడిగారు. శవపరీక్షల్లో సేకరించిన మానవ మెదడు కణజాలంలోనూ ఎలుకల్లోనూ ఆ ఎంజైములను వెతికారు. ఆందోళన తగ్గించడానికి వాడే ఆల్ప్రాజొలామ్‌ను మెదడూ కాలేయమూ ఒకే తీరున మార్చవని, మందు గుణం నిలిచి ఉండే రూపం మెదడులో ఎక్కువ పాలు తయారవుతుందని ఆమె బృందం చూపింది. రక్తంలో మందు ఎంత ఉందో కొలిచి, మెదడులో జరిగేదంతా తెలిసిందనుకోవడం పొరపాటన్న సంగతి అలా బయటపడింది. మొదట కాలేయం పనిని మెదడులో వెతికిన మనిషికి పాతికేళ్ల తరవాత మెదడు జబ్బుకు దారి కాలేయంలో దొరకడం యాదృచ్ఛికమని నేననుకోను.

మధ్యలో కేసరి పప్పు కథ ఒకటుంది. కరవు రోజుల్లో మధ్యప్రదేశ్, బీహార్ ప్రాంతాల పేద కూలీలు నెలల తరబడి ఆ పప్పే తిని కాళ్లు పడిపోయి నడవలేని స్థితికి వచ్చేవారు. 1961లో కేంద్రం దాని అమ్మకాన్ని నిషేధించింది. ఆ పప్పులోని విషపదార్థం నాడీకణాల మైటోకాండ్రియాలో శక్తి తయారీకి తొలిమెట్టయిన కాంప్లెక్స్-1ను దెబ్బతీస్తుందని ఈ బృందం తేల్చింది. అంతకన్నా ఆసక్తికరమైన సంగతి మరొకటి: ఈ జబ్బు ఆడవాళ్లలో తక్కువ, మగవాళ్లలో ఎక్కువ. ఈస్ట్రోజెన్ ప్రభావంతో ఆడ ఎలుకల మెదడులో గ్లుటారెడాక్సిన్ అనే రక్షక ప్రోటీన్ ఎక్కువగా ఉండడం దానికి ఒక కారణమని వారి ప్రయోగాలు సూచించాయి. ఒకే పప్పు, ఒకే విషం, అయినా శరీరాన్ని బట్టి ఫలితం మారింది.

ఈ కృషికి 1996లో శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం, 2010లో పద్మశ్రీ లభించాయి. హర్యానాలోని మానేసర్‌లో జాతీయ మెదడు పరిశోధన కేంద్రాన్ని నిలబెట్టి 2009 వరకు నడిపింది ఆమే. ఆ తరవాత బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ఐఐఎస్‌సీకి వచ్చారు.

అక్కడి నుంచి ఆమె పరిశోధన ఆల్జీమర్స్ ముదిరిన దశను వదిలి, తొలి దశ వైపు మళ్లింది. నాడీకణాల కొమ్మల మీద తుమ్మముళ్లలా చిన్న చిన్న మొనలుంటాయి. ఒక కణం మరో కణం మాట అందుకునేది చాలావరకు అక్కడే. ఆ మొనకు ఆకారాన్నిచ్చేది యాక్టిన్ అనే ప్రోటీన్ పోగు. ఆల్జీమర్స్ ఎలుకల్లో ఈ పోగు, పేనిన తాడు పురి విడిపోయి పీచయినట్టు, నెల వయసుకే విచ్చిపోవడం మొదలవుతుందని 2018లో ఆమె బృందం ప్రచురించింది. అప్పటికి మెదడులో అమిలాయిడ్ మచ్చ ఒక్కటి కూడా పడి ఉండదు. పోగును నిలిపి ఉంచే రసాయనం ఇస్తే ఎలుకల జ్ఞాపకశక్తి మెరుగుపడింది. మరణించినవారి మెదడు నమూనాల్లోనూ, మామూలు జ్ఞాపకశక్తి ఉన్నవారి నుంచి ఆల్జీమర్స్ రోగుల దాకా, ఈ పోగు మెట్టుమెట్టుగా తగ్గుతూ కనిపించింది.

దీని విలువ తెలియాలంటే మందుల చరిత్ర కొంచెం చూడాలి. నాడీకణాల మధ్య కబురు మోసే అసిటైల్‌కోలిన్ అనే రసాయనపు వ్యవస్థ ఆల్జీమర్స్ రోగుల మెదడులో దెబ్బతింటుందని 1976లో తేలింది. ఆ లోటును కొంత పూడ్చే డోనెపెజిల్ 1996లో అమెరికాలో ఆమోదం పొందింది. అది లక్షణాలను కొన్నాళ్లు సర్దగలదు, జబ్బు నడకను ఆపలేదు. 2023లో పూర్తి ఆమోదం పొందిన లెకానెమాబ్ అమిలాయిడ్‌నే తొలగిస్తుంది. అయినా 18 నెలల పరీక్షలో అది క్షీణతను నెమ్మదింపజేసింది 27 శాతమే, పైగా మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ముప్పుంది. కణం మొనలు రాలిపోయాక మచ్చలు తుడిస్తే ఎంత ప్రయోజనమన్న ప్రశ్న మిగిలే ఉంది. అందుకే జబ్బు బయటపడక ముందే మనుషులను చూడడం మొదలుపెట్టాలి. ఆ పని ఎలుకలతో కాదు.

ఇన్ఫోసిస్ సహ వ్యవస్థాపకుడు క్రిస్ గోపాలకృష్ణన్ కుటుంబ ట్రస్టు ఇచ్చిన 225 కోట్ల రూపాయల విరాళంతో ఐఐఎస్‌సీ ఆవరణలో మెదడు పరిశోధన కేంద్రం ఏర్పడింది. దాని వ్యవస్థాపక డైరెక్టర్‌గా ఆమె 2018లో కోలారు జిల్లా శ్రీనివాసపుర తాలూకా పల్లెల్లో ఒక దీర్ఘకాలిక అధ్యయనం ప్రారంభించారు. 45 ఏళ్లు దాటిన 10 వేల మందిని చేర్చుకుని, రక్తం, జన్యువులు, మెదడు స్కానింగ్, జ్ఞాపకశక్తి పరీక్షలతో ఏళ్ల తరబడి గమనించడం దాని లక్ష్యం. ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న ఈ మామిడితోటల సీమలో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ చాలామందికి మామూలే. రెండు భాషలు మాట్లాడేవారిలో డిమెన్షియా (ఆల్జీమర్స్ వంటి జబ్బులతో వచ్చే మతి క్షీణత) సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడుతుందని, చదువురానివారిలోనూ ఆ తేడా ఉందని హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది రోగులపై సువర్ణ అల్లాడి బృందం చేసిన 2013 అధ్యయనం చెప్పింది. అలాంటి ప్రశ్నలను రోగులు ఆస్పత్రికి వచ్చాక కాక, జబ్బు రాకముందు నుంచే ఊళ్లోనే పరిశీలించే వీలు ఇక్కడుంది.

పల్లెలో పరీక్ష పెట్టడమే ఒక శాస్త్రం. పాశ్చాత్య దేశాల్లో పుట్టిన పరీక్ష వంద నుంచి ఏడేడు తీసేస్తూ పొమ్మంటుంది, ఒకదానిమీదొకటి ఎక్కిన రెండు పంచభుజాలు గీయమంటుంది, ఒక వాక్యం రాయమంటుంది. పెన్సిల్ పట్టని అవ్వ పంచభుజం దగ్గర ఆగిపోతుంది. అదే అవ్వ ధనుర్మాసంలో చుక్క తప్పకుండా పందొమ్మిది చుక్కల ముగ్గు వేస్తుంది. ఇవాళ తారీఖు అడిగితే చెప్పలేదు, అమావాస్య ఎన్నాళ్లుందో చెబుతుంది. ఆమెకు సున్నా మార్కులు వేస్తే అది చదువులేమిని కొలిచినట్టే గాని మతిమరుపును కొలిచినట్టు కాదు. దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షల మంది, డిమెన్షియాతో ఉన్నారని, ఆడవాళ్లలోనూ పల్లెల్లోనూ అది ఎక్కువని 2023లో వెలువడిన జాతీయ అంచనా చెబుతోంది. ఆ ఎక్కువలో జబ్బు పాలెంత, బడి అందకపోవడం పాలెంత అన్నది తేలాలంటే ఒకే మనిషిని ఏటేటా చూసి, ఆ మనిషి నిన్నటితో నేటిని పోల్చడమే నమ్మదగిన దారి.

ఇలాంటి పనికి మన నిధుల పద్ధతి సరిపడదన్నదే నా అసలు ఫిర్యాదు. మన దగ్గర పరిశోధన ప్రాజెక్టులకు మామూలుగా మూడు నుంచి ఐదేళ్లకు డబ్బు ఇస్తారు, ఆలోపు పత్రాలు రావాలంటారు. యాక్టిన్ పోగు మీద పత్రం ఆ గడువులో రావచ్చు. శ్రీనివాసపురలో 2018లో, 45 ఏళ్ల వయసులో తొలి రక్తనమూనా ఇచ్చిన రైతుకు 65 నిండేది 2038లో.