బొండాం నీళ్లకి రక్తనాళాల్లో సున్నం కరగదు

మా పెద్దమ్మకి వారానికి మూడుసార్లు డయాలసిస్. మొన్న పాలకొల్లు వెళ్తే ఫోన్లో ఒక మెసేజ్ చూపించింది. కిడ్నీ రోగుల రక్తనాళాల్లో సున్నం పేరుకునేది భోజనంతో వేసుకునే కాల్షియం మాత్రల వల్లేనట. అవి మానేసి రోజూ రెండు బొండాలు తాగితే సున్నం కరుగుతుందట, కాలి పుండ్లూ మానతాయట. పెద్దమ్మ అప్పటికే రెండు రోజులుగా మాత్రలు మానేసింది. నాకు టెన్షన్ పట్టుకుంది.

మాత్రల మాటలో కొంత నిజం ఉంది. ఆ కాల్షియం మాత్ర (కాల్షియం ఎసిటేట్) మోతాదు మించితే రక్తనాళాలకి చేటే. అందుకే డాక్టర్లు మోతాదు తగ్గిస్తారు, లేదా కాల్షియం లేని సెవెలమర్ అనే మాత్రకి మారుస్తారు. కానీ భోజనంతో వేసుకునే ఆ మాత్ర పని వేరు. తిండిలోని ఫాస్ఫరస్‌ని పేగుల్లోనే పట్టుకుని బయటికి పంపుతుంది. ముఖ్యమైన దోషి ఆ ఫాస్ఫరసే. మామూలు తిండిలో రోజుకి సుమారు 1000 మిల్లీగ్రాములు ఉంటే, 600 పైనే ఒంటికి పడుతుంది. అంటే వారానికి 4000 దాటుతుంది. నాలుగు గంటల డయాలసిస్ ఒక్కోసారి తీసేది 800 చుట్టుపక్కల. మూడుసార్లు చేయించుకున్నా చాలా మిగిలిపోతుంది. మాత్ర మానేస్తే దానికి అడ్డేది?

"కరుగుతుంది" అన్నది ఇంకా పెద్ద పొరపాటు. ఇది బిందె అడుగున పట్టిన గార కాదు. ఫాస్ఫరస్ ఎక్కువైనప్పుడు రక్తనాళం గోడలోని కండర కణాలు ఎముకను కట్టే కణాల్లా మారిపోతాయి. గోడే ఎముకలా గట్టిపడుతుంది. దాన్ని నెమ్మదింపజేయడానికి ప్రయత్నించవచ్చు గానీ, ఏ నీళ్లూ కరిగించలేవు.

ఇక బొండాం. కోనసీమలో ఇంటికొచ్చిన మనిషికి ముందు బొండాం కొట్టిస్తాం. కిడ్నీలు పాడైనవాళ్లకి మాత్రం ఆ మర్యాదే ముప్పు. 100 మిల్లీలీటర్లలో సుమారు 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. అది బయటికి పోక రక్తంలో పెరిగితే గుండె లయ తప్పుతుంది, ఆగిపోవచ్చు కూడా. రోజూ రెండు బొండాలంటే నాకు ఒళ్లు జలదరించింది.

పుండ్ల విషయంలో ఇంట్లో ఆలస్యం చేయకండి. చిన్న రక్తనాళాలు సున్నంతో మూసుకుపోతే చర్మం నల్లబడి, విపరీతంగా నొప్పి పెట్టే పుండ్లు పడతాయి. ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకితే ప్రాణం మీదికొస్తుంది. ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి.

మెసేజ్‌లో ఫాస్ఫరస్ ఎక్కువుండే ఎండు మెత్తళ్లు, ఎండు రొయ్యలు, కోలా కూల్‌డ్రింకుల ఊసే లేదు. తగ్గించాల్సింది వాటిని. పెద్దమ్మ నిన్న డాక్టర్‌తో మాట్లాడి, మళ్లీ మొదటి ముద్దతోనే మాత్ర వేసుకుంటోంది.