ఫిరాయించిన జలాంతర్గామిపై చర్యలేవీ?

రెండో ప్రపంచ యుద్ధం ముగిసి ఎనభై ఏళ్లు దాటింది. అయినా ఒక పచ్చి ఫిరాయింపుదారుపై ఇంతవరకు విచారణ జరగలేదు. పేరు యూ-570. స్వస్థలం హాంబర్గ్. వృత్తి రీత్యా జర్మన్ జలాంతర్గామి.

1941 ఆగస్టు 27న ఐస్‌లాండ్‌కు దక్షిణాన ఇది నీళ్లలోంచి పైకి తేలింది. సరిగ్గా నెత్తిమీద బ్రిటిష్ హడ్సన్ విమానం! నీళ్లలో పేలే బాంబులు, అదే డెప్త్ చార్జీలు, పడ్డాయి. బ్యాటరీల్లోంచి క్లోరిన్ విషవాయువు వస్తోందన్న భయం లోపలివాళ్లను పట్టుకుంది. యుద్ధానికి బయల్దేరడం ఆ పడవకు అదే మొదటిసారి. సిబ్బందిలో చాలామంది కొత్తవాళ్లు, పైగా సముద్రం పడక వాంతులతో సగం చచ్చి ఉన్నారు. రామ్‌లో అనే పేరున్న కెప్టెన్ తెల్లబట్ట ఊపించాడు. నీళ్లలో దాక్కోవాల్సింది గాల్లో ఎగిరేదానికి లొంగిపోయింది. విమానం కిందికి దిగి బేడీలు వేయలేదు కదా! ఓడలు వచ్చేదాకా విమానాలే వంతులవారీగా దాని చుట్టూ కాపలా తిరిగాయి.

ఇక శిక్షల సంగతి. బ్రిటన్‌లోని ఖైదీల శిబిరంలో జర్మన్ అధికారులు తమలో తామే కోర్టు పెట్టుకుని, ఆ పడవలో రెండో స్థానంలో ఉన్న బెర్న్ట్‌ను దోషిగా తేల్చారు. పరువు నిలుపుకోవాలంటే వెళ్లి దాన్ని ముంచేసి రమ్మన్నారు. పాపం, తప్పించుకుని బయటపడ్డాడు. హోమ్ గార్డులకు దొరికి, మళ్లీ పారిపోబోయి, తూటా తిని చచ్చిపోయాడు. అసలు ముద్దాయి మాత్రం ఇంగ్లండ్‌లోని బారో రేవులో దర్జాగా ఓవర్‌హాలింగ్ చేయించుకుంది. కొత్త జెండా, కొత్త పేరు: హెచ్.ఎం.ఎస్. గ్రాఫ్. మన దగ్గరైతే కనీసం స్పీకర్‌కు అనర్హత పిటిషన్ ఇచ్చి ఏళ్ల తరబడి ఎదురుచూసే సౌకర్యమైనా ఉంది.

కొత్త యజమాని ముందు ఇది ఏమీ దాచుకోలేదు. పడవ ఒంటి ఉక్కు ఎంత మందం, ఎంత లోతుకు దిగగలదు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేసింది. ఒక్క బోల్టయినా మొరాయించి మౌనవ్రతం పట్టిన దాఖలా లేదు. 1942 అక్టోబరులో స్పెయిన్ తీరం దగ్గర సొంత జాతికే చెందిన యూ-333 మీద టార్పెడోలు వదిలింది. ఏవో చప్పుళ్లు వినిపిస్తే, అది మునిగిపోయిందనే బ్రిటిష్ వాళ్లు నమ్మారు. యూ-333 మాత్రం క్షేమంగా ఇంటికి చేరింది. పాత ప్రేమతో కావాలనే గురి తప్పించిందని డిఫెన్స్ లాయరు వాదించవచ్చు. కానీ హత్యాయత్నం హత్యాయత్నమే.

బ్రిటన్‌వాళ్లు కూడా నీతులు చెప్పనక్కర్లేదు. వాళ్ల జలాంతర్గామి సీల్ 1940 మేలోనే జర్మన్ల చేతికి చిక్కింది. జర్మనీలోని కీల్ రేవులో బాగు చేసి, యూబీ అని పేరు పెట్టి దాన్ని నౌకాదళంలో చేర్చుకున్నారు. స్పేర్ పార్టులు దొరక్క 1941 మధ్యకల్లా మూలన పడేశారు. ఒక్క శత్రు ఓడను కూడా ముంచకుండా సహాయ నిరాకరణ పాటించిన ఈ పడవకు స్వాతంత్ర్య సమరయోధుల పింఛను ఇచ్చినా తప్పులేదు. దాని కెప్టెన్ లాన్స్‌డేల్‌ను మాత్రం, జర్మన్ల దగ్గర ఏళ్ల తరబడి ఖైదు అనుభవించి వచ్చాక, 1946లో కోర్టు మార్షల్ బోనులో నిలబెట్టారు. నిర్దోషిగా బయటపడ్డాడు. తర్వాత చర్చిలో ఫాదర్ అయ్యాడు.

గ్రాఫ్ విషయానికే వస్తే, 1944 మార్చిలో లాక్కెళ్తుంటే తాడు తెంపుకుని పోయి స్కాట్లండ్‌లోని ఐలా దీవి రాళ్లకు కొట్టుకుంది. దీన్ని పరారీ కింద రాసుకోవాలా, పశ్చాత్తాపం కింద రాసుకోవాలా అన్నది కోర్టు తేల్చాలి. సమన్లు హాంబర్గ్ చిరునామాకు పంపాలా, బారో చిరునామాకా అన్నది ముందుగా గుమస్తా తేల్చాలి.