30 రోజుల ట్రయల్ యాంటీవైరస్ గారికి

మహారాజశ్రీ ట్రయల్ యాంటీవైరస్ గారికి, పిలవకుండానే మీరు వచ్చి దిగిన ఇంటివాళ్ళు నమస్కరించి రాయునది. ఇచ్చట మేమంతా క్షేమం అని మొదలుపెట్టేవాళ్ళమే. క్షేమం కాదని స్క్రీన్ కుడివైపు కింది మూల నుంచి ఎర్ర అక్షరాల్లో మీరే చెబుతున్నారు గనక ఆ వాక్యం ప్రస్తుతానికి పక్కన పెట్టాం.

కొత్త ల్యాప్‌టాప్ అట్టపెట్టె విప్పేసరికే మీరు లోపల కాపురం పెట్టేసి ఉంటారు. ఆ నెల రోజులూ మహా మర్యాద. గడువు దగ్గర పడే కొద్దీ మీకు మా మీద బెంగ ఎక్కువవుతుంది. ఇంతకీ మీరు చెప్పని ముక్క ఒకటుంది. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి విండోస్‌లోనే డిఫెండర్ అనే సొంత యాంటీవైరస్ ఉంది. ఫైల్ తెరిచే ప్రతిసారీ ఇద్దరు కాపలాదారులు దాన్ని పట్టుకుని సోదా చేస్తే మిషన్ నత్తనడక నడుస్తుంది కాబట్టి, మీరు రాగానే అది తనంతట తానే తప్పుకుంటుంది. మీరు పోతే మళ్ళీ లేస్తుంది. "నేను లేకపోతే మీకు దిక్కెవరు" అని మీరు అడిగేటప్పుడు ఆ దిక్కు మీ వెనకాలే నిలబడి ఉంటుందన్నమాట.

కాబట్టి తమరు దయచేయవచ్చు. సెట్టింగ్స్, యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో మీ పేరు పక్కన మూడు చుక్కలు నొక్కి అన్‌ఇన్‌స్టాల్ అంటాం. "ఖాయమేనా", "సగం ధరకిస్తాం, ఖాయమేనా" అని మీరు అడుగుతారు, ఖాయమే. రీస్టార్ట్ చేశాక కూడా మీ సర్వీసులు టాస్క్ మేనేజర్‌లో తచ్చాడుతుంటే, మీ కంపెనీయే ఇచ్చే రిమూవల్ టూల్ ఒకటుంది. మిమ్మల్ని తీయడానికి మీవాళ్ళే వేరే ప్రోగ్రామ్ రాయాల్సి వచ్చిందంటే మీ పట్టుదలకు జోహార్లు. ఆ తర్వాత విండోస్ సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో మేనేజ్ ప్రొవైడర్స్ తెరిచి, యాంటీవైరస్ కింద డిఫెండర్ ఆన్ అని ఉందో లేదో చూస్తాం. గడువు తీరిన మిమ్మల్ని అలాగే వదిలేసినవాళ్ళు ఇది ముందు చూసుకోవాలి.

అక్కడే వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో రియల్ టైమ్, క్లౌడ్, ట్యాంపర్ ప్రొటెక్షన్ మూడూ ఆన్‌లో ఉండాలి. కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ మాత్రం మొదట ఆఫ్‌లోనే ఉంటుంది. ఆన్ చేస్తే తెలియని ప్రోగ్రామ్ ఏదీ డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లలో వేలు పెట్టలేదు. ఫైళ్ళకు తాళం వేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్‌కు అడ్డుకట్ట అదే. దాంతోపాటు డీటీపీ చేసేవాళ్ళ పాత పేజ్‌మేకర్ లాంటిది సేవ్ కానని మొరాయించవచ్చు. అప్పుడు దాన్ని ఒక్కదాన్ని అనుమతి జాబితాలో చేర్చాలి గానీ మొత్తం ఆపేయకూడదు. కాపలా మేలుకునే ఉందా అని అనుమానమైతే ఐకార్ పరీక్ష ఉంది. ఏ హానీ చేయని 68 అక్షరాల వరుస అది. నోట్‌ప్యాడ్‌లో అతికించి సేవ్ చేస్తే యాంటీవైరస్ వచ్చి పట్టుకోవాలి. పట్టుకోలేదంటే నిద్రపోతోందని అర్థం.

డబ్బు పెట్టి కొనేవాళ్ళే లేరా అంటే ఉన్నారు. పిల్లల మీద నిఘా, అరడజను పరికరాలకు ఒకే లైసెన్సు కావాలనుకుంటే కొనుక్కోవచ్చు. అయితే మీ అట్టపెట్టె మీది బంగారు ముద్రలు చూసి కాదు. యాంటీవైరస్‌లను పరీక్షించే జర్మనీ సంస్థ ఏవీ-టెస్ట్ రక్షణకు, వేగానికి, వాడుకలో చిక్కులకు తలా 6 మార్కుల చొప్పున 18కి లెక్కేస్తుంది. ఆస్ట్రియాలోని ఏవీ-కంపారటివ్స్ కూడా పరీక్షలు పెడుతుంది. అక్కడ డిఫెండర్‌కు వచ్చిన మార్కులూ మీ మార్కులూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. పోటీ అని భ్రమపడనూ కూడదు. నార్టన్, అవాస్ట్, ఏవీజీ, అవీరా నాలుగూ ఇప్పుడు జెన్ డిజిటల్ అనే ఒకే సంస్థవి. ఉచితం అన్న మాటకు ధర ఎంతో కూడా అవాస్ట్ వ్యవహారంలోనే తేలింది. వాడేవాళ్ళ బ్రౌజింగ్ వివరాలను జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ ద్వారా అమ్మినందుకు 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కోటీ 65 లక్షల డాలర్లు కట్టించింది.

కొనేవాళ్ళు మొదటి ఏడాది తగ్గింపు ధర కాక రెండో ఏడాది ధర చదవాలి, ఆటో రెన్యువల్ టిక్కు తీసేయాలి. కార్డు మీద ఆటో డెబిట్ పెట్టుకున్నవాళ్ళకు రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం 24 గంటల ముందు మెసేజ్ వస్తుంది. దాన్ని ఆఫర్ మెసేజ్ అనుకుని చెరిపేయకూడదు.

మీ బంధువర్గం గురించి కూడా రెండు మాటలు. మీ లోగో తగిలించుకుని "5 వైరస్‌లు దొరికాయి" అని అరిచే పాపప్‌లు చాలావరకు మీవి కావు. ఏదో సైట్‌లో "అలౌ" నొక్కిన పాపానికి వచ్చే నోటిఫికేషన్లు. క్రోమ్‌లో సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లోకి వెళ్ళి ఆ సైట్‌ను తీసేస్తే నోరు మూతపడుతుంది. తెరమీద కనబడిన నంబర్‌కు ఫోన్ చేసి, వాళ్ళు చెప్పిన యాప్ దింపుకుని డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు మాత్రం ముందు నెట్ తీసేసి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. మీరు అరిచీ అరిచీ జనాన్ని బెదురుగొడ్లను చేసి పెట్టబట్టే వీళ్ళ వ్యాపారం ఇంత సులువైంది.

క్రాక్ సాఫ్ట్‌వేర్ ఫోల్డర్‌లోని రీడ్‌మీ "ముందు యాంటీవైరస్ ఆపండి" అంటుంది. ఆపేవాడికి మీరూ ఏం చేయలేరు, డిఫెండరూ ఏం చేయలేదు. బిల్లు.పీడీఎఫ్.ఈఎక్స్ఈ అని వచ్చినది బిల్లు కాదు, ప్రోగ్రామ్. ఆ సంగతి చెప్పే చివరి ముక్కను విండోస్ దాచేసి చూపిస్తుంది కాబట్టి ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ టిక్కు పెట్టాం. ఫొటోలు ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసి, కేబుల్ పీకేశాం. తగిలించే ఉంచితే రాన్సమ్‌వేర్ దానికీ తాళం వేస్తుంది.

అన్‌ఇన్‌స్టాల్ కాగానే మీరు బ్రౌజర్ తెరిచి "ఎందుకు వెళ్ళిపోతున్నారు?" అని సర్వే పెడతారు కదా, అందులో "ఇతర కారణాలు" గడిలో ఈ ఉత్తరం అతికిస్తున్నాం. అక్షరాలు మించాయని ఎర్రగీత వస్తే నమస్కారం దాకా ఉంచుకుని మిగతాది కొట్టేసుకోండి.