మొదటి పరీక్ష భర్తకే జరగాలి

పెళ్లయి రెండేళ్లు దాటినా కడుపు పండలేదంటే మన ఇళ్లలో ముందుగా ఆసుపత్రి మెట్లెక్కేది కోడలే. స్కానింగులు, హార్మోన్ పరీక్షలు, గర్భనాళాల్లోకి రంగు మందు పంపి తీసే ఎక్స్‌రే, కొన్నిచోట్ల లాప్రోస్కోపీ కూడా అయ్యాక గానీ భర్త వీర్య పరీక్ష మాట రాదు. సంతానం కలగని జంటల్లో దాదాపు సగం మందిలో పురుషుడి వైపు లోపం పూర్తిగానో పాక్షికంగానో ఉంటుందని వైద్యులందరికీ తెలుసు. కోతా నొప్పీ లేని, అన్నిటికంటే చౌకైన ఆ పరీక్షను చివరికి నెట్టడమంటే ఇంటి మొహమాటానికి వైద్యం తలవంచడమే.

రిపోర్టు వచ్చాక జరిగేది మరీ అన్యాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 ప్రమాణాల ప్రకారం మిల్లీలీటరు వీర్యంలో 1.6 కోట్ల కణాలు, వాటిలో 42 శాతానికి కదలిక ఉండడం కనీస హద్దు. అంతకు తగ్గినవాడికి పిల్లలు పుట్టరని దీనర్థం కాదు. పైగా వీర్యకణం తయారీకి సుమారు రెండున్నర నెలలు పడుతుంది కనుక, రెండు నెలల కిందటి తీవ్ర జ్వరం కూడా ఇవాళ్టి రిపోర్టును పాడుచేయగలదు. అయినా ఒక్క కాగితం చూసి దంపతులను నేరుగా ఇక్సీకి, అంటే ప్రయోగశాలలో వీర్యకణాన్ని సూదితో అండంలోకి ఎక్కించే పద్ధతికి, పంపే కేంద్రాలున్నాయి.

1992లో బ్రస్సెల్స్ వైద్యులు లోకానికి చాటిన ఇక్సీలో అండంలోకి ఎక్కించడానికి ఒక్క వీర్యకణం చాలు. అసలు చిక్కూ అక్కడే ఉంది: ఒక్కటి చాలినప్పుడు మిగతావి ఎందుకు లేవని అడిగే ఓపిక పోయింది. సంతానలేమితో వచ్చే పురుషుల్లో మూడో వంతుకు పైగా వెరికోసీల్, అంటే వృషణాల దగ్గర సిరల ఉబ్బు, కనిపిస్తుంది. చేతికి తగిలేంత ఉంటే ఆపరేషన్‌తో చాలామందిలో కణాల సంఖ్య మెరుగుపడుతుంది. పిట్యూటరీ గ్రంథి నుంచి సంకేతాలు అందక ఉత్పత్తి ఆగినవారికి హార్మోన్ ఇంజెక్షన్లు పనిచేస్తాయి. అరుదుగా వృషణ క్యాన్సర్ ఈ వంకతోనే బయటపడుతుంది. భర్త లోపానికి భార్య పది పన్నెండు రోజులు సూదులు పొడిపించుకుని, మత్తులో అండాలు తీయించుకుంటుంటే, ఆయనను మాత్రం ఏ డాక్టరూ ఒక్కసారైనా తడిమి చూడకపోవడాన్ని ఏమనాలి?

భార్య వయసు ముప్ఫై అయిదు దాటితే భర్త చికిత్స కోసం ఆగడం నష్టమేనన్న వాదనలో నిజముంది. కానీ అదే తొందర ఇరవై ఆరేళ్ల అమ్మాయికీ ఎందుకు? మొదటి వారంలోనే భర్తను పరీక్షించి ఉంటే ఆ వ్యవధి చేతిలో మిగిలేది కదా.

ఈ జాప్యానికి వేరు మన మాటల్లోనే ఉంది. ఆడదాన్ని అనడానికి ‘గొడ్రాలు’ ఉంది. మగవాడికి అలాంటి వాడుక మాటే లేదు. ఉన్నదల్లా నపుంసకుడన్న తిట్టు, అది వేరే సంగతి. కాపురంలో ఏ లోటూ లేనివాడి వీర్యంలో ఒక్క కణమూ లేకపోవచ్చు. హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్‌కు కూడా ఈ తేడా తెలుసు: నపుంసకత్వం వల్ల కాపురం జరగకపోతే పెళ్లి రద్దు కోరవచ్చు, పిల్లలు లేకపోవడం ఒక్కటే అందుకు చాలదు. రెంటినీ కలిపేసిన సమాజంలో మగవాడు వీర్య పరీక్షను మగతనానికి పరీక్షగా భావించి తప్పించుకుంటాడు. విడ్డూరమేమిటంటే, ఆ మగతనం కోసమే జిమ్ములో టెస్టోస్టిరాన్ పొడిపించుకుంటాడు. బయటి హార్మోన్ అందగానే మెదడు వృషణాలకు సంకేతాలు ఆపేస్తుంది, కణాల సంఖ్య సున్నాకు కూడా పడిపోవచ్చు.

సంతాన సాఫల్య కేంద్రాల నియంత్రణకు 2021 నాటి చట్టం ఎలాగూ ఉంది. ఇక్సీకి ముందు రెండు వీర్య పరీక్షల రిపోర్టులు, భర్తను స్వయంగా పరీక్షించిన వైద్యుడి నోటు ఫైల్లో ఉండి తీరాలన్న నిబంధనను దానికి జోడించాలి.