చిన్న మిల్లింగ్ మెషిన్‌లో ప్లాస్టిక్ గేర్లేంటండీ!

బల్ల మీద పెట్టుకునే చిన్న మెషినే అయినా, స్టీలు కొయ్యాల్సిన దాంట్లో ప్లాస్టిక్ గేర్లు పెట్టడం ఏంటసలు? కట్టర్ ఒక్కసారి జాబ్‌లో, అంటే కోస్తున్న ముక్కలో, ఇరుక్కుంటే చాలు, గేర్ పళ్ళు రాలిపోతాయి. ఓవర్‌లోడ్ అయితే మోటారు, కంట్రోల్ బోర్డు కాలకుండా గేరే ముందు విరగాలంటారు, సరే ఒప్పుకుంటా, మరి విరగాల్సిన పార్టుని అంత లోపల దాచారెందుకు? మెషిన్ పైభాగం హెడ్ దించాలి, కట్టర్‌ని తిప్పే ఇరుసు, అదే స్పిండిల్, బయటికి తీయాలి, బేరింగులు ప్రెస్‌తో లాగాలి, మళ్ళీ అన్నీ సరిగ్గా కూర్చోబెట్టాలి, ఇదంతా ఒక్క గేర్ కోసం! పోనీ మెటల్ గేర్లు వేద్దామంటే చెవులు పగిలే మోత, పైగా ఈసారి దెబ్బ మోటారుకి. పళ్ళెన్నో, మాడ్యూల్ (పంటి సైజు) ఎంతో, కీవే (గేర్‌ని ఇరుసుకి బిగించే గాడి) సైజెంతో రాయకుండా స్పేర్లు అమ్మేవాళ్ళని ఏమనాలి? వీ బెల్ట్ డ్రైవ్‌కి మారిస్తే లోడెక్కువైనప్పుడు బెల్టే జారుతుంది, గేర్ విరిగే గొడవే ఉండదు, సౌండూ తక్కువే. అదేదో ఫ్యాక్టరీలోనే పెట్టి ఇవ్వచ్చు కదా, మాతో ఎందుకు మళ్ళీ ఖర్చు పెట్టిస్తారు?